లార్డ్ కర్జన్ అంత పుట్టుక, అంత చదువు ఉండి కూడా ప్రధాని ఎందుకు కాలేకపోయాడు?

డెర్బీలో_బెజవాడోడు:

అందరికీ నమస్తే అండి. చాలా రోజులుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ ఒక డౌట్ నిద్ర పట్టనివ్వక రాస్తున్నా. నేను ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గర ఉంటాను. అమ్మానాన్న వచ్చారు కదా ఎక్కడికన్నా తిప్పుదామని మొన్న ఆదివారం కెడిల్‌స్టన్ హాల్‌కి తీసుకెళ్లా. మా ఇంటి నుంచి పావుగంట డ్రైవ్, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లిన పాపాన పోలేదు. తీరా వెళ్తే అది మన లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లంట. "మన" అనకూడదేమో గానీ గ్రూప్-2 కోచింగ్ రోజుల్లో 1905 బెంగాల్ విభజన కర్జన్, 1905 బెంగాల్ విభజన కర్జన్ అని ఎన్నిసార్లు బట్టీ పట్టానో, ఆ చనువు.

కారు దిగగానే నాన్న అక్కడే ఆగిపోయి "ఒరేయ్ ఇది కలకత్తా రాజ్‌భవన్ కదరా" అన్నారు. ఆయన బ్యాంకు ఉద్యోగంలో మూడేళ్లు కలకత్తాలో చేశారు లెండి. నేను నవ్వి ఊరుకున్నా. లోపల వాలంటీర్‌గా ఉన్న పెద్దావిడని అడిగితే మీ నాన్నగారు చెప్పింది నిజమే, ఈ ఇంటి ప్లాన్ చూసే గవర్నర్ జనరల్ వెల్లెస్లీ టైంలో కలకత్తా గవర్నమెంట్ హౌస్ కట్టారు, 1803లో పూర్తయింది అంది. అంటే కర్జన్ వైస్రాయ్‌గా వెళ్లి దిగింది అచ్చం తన సొంతిల్లు లాంటి ఇంట్లోనే అన్నమాట, మనవాళ్లయితే వాస్తు కలిసొచ్చింది అనేవాళ్లు.

కింద అంతస్తులో ఆయన ఇండియా నుంచి, ఇంకా తూర్పు దేశాల నుంచి తెచ్చిన వస్తువులన్నీ పెట్టారు. వాటితో పాటు ఆయన భార్య మేరీ 1903 ఢిల్లీ దర్బార్‌లో వేసుకున్న నెమలి గౌను కూడా ఉంది. అమ్మ ఆ అద్దానికి ముక్కు ఆనించి పది నిమిషాలు కదల్లేదు. గుడ్డ కనపడకుండా ఒకదాని మీద ఒకటి నెమలి ఈకలు, అంతా మెటల్ జరీ, ఒక్కో ఈక కన్ను దగ్గర ఆకుపచ్చగా మెరిసే పురుగు రెక్క పెట్టి కుట్టారు. పని ఢిల్లీలో మనవాళ్లు చేస్తే గౌను పారిస్‌లో కుట్టారంట, బరువు నాలుగు కిలోలు దాటుతుందంట. అమ్మ మాత్రం "జరీ నల్లబడింది, వీళ్లకి ఇంత డబ్బుంది, మన మగ్గం వర్క్ వాళ్లని పిలిస్తే బాగుచేసి పెట్టరూ" అని ఒకటే గొణుగుడు.

ఇక అసలు విషయం. వచ్చేముందు ఆ పెద్దావిడ "పాపం ఆయన ప్రధాని కావాల్సినవాడు, చేతి దాకా వచ్చి జారిపోయింది" అంది, ఇంకా అడిగేలోపే వేరే గుంపు వచ్చేసింది. నాకేమో బెంగాల్ విభజన తప్ప ఈయన గురించి ఇంకేం తెలీదు. ఈ వంశం వాళ్ల నినాదం కూడా విన్నాను, కర్జన్ పట్టింది కర్జనే పట్టుకుని ఉండాలి అన్నట్టు ఉంటుంది. అలాంటివాడి చేతిలోంచి పదవి ఎలా జారింది? ఎవరన్నా కాస్త వివరంగా చెప్పండి, వికీ లింకులు పడేయకండి ప్లీజ్.

పాతపుస్తకాల_పిచ్చోడు:

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఏ లార్డ్ బిరుదు చూపించి జీవితమంతా తల ఎగరేశాడో ఆ బిరుదే చివర్లో అడ్డం పడింది. కానీ ఒక్క ముక్కలో చెప్తే మజా ఉండదు కాబట్టి మొదటినుంచి వస్తా, ఓపిక ఉంటే చదువు.

పుట్టింది 1859 జనవరిలో. తండ్రి లార్డ్ స్కార్స్‌డేల్, ఊరి చర్చికి పూజారి కూడా ఆయనే. పెద్ద జమీందారీ ఇల్లు గానీ పిల్లల్ని పెంచింది మాత్రం మిస్ పారామన్ అనే గవర్నెస్. ఆవిడ పెంపకం గురించి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పిల్లాడు చిన్న తప్పు చేస్తే ఎర్ర గుడ్డతో లంగా కుట్టించి, నెత్తిన పొడుగు టోపీ పెట్టి, వాటి మీద అబద్ధాలకోరు, పిరికివాడు అని పెద్దక్షరాలతో రాసి ఊళ్లో తిప్పేది. తనని కొట్టడానికి బెత్తం తయారుచేయించమని ఇంటి బట్లర్‌కి ఆ పిల్లాడి చేతే ఉత్తరం రాయించేది. వాళ్ల సొంత ఊరు, వాళ్ల రైతులు, వాళ్ల పిల్లాడు, ఆ అవమానం ఊహించుకో. ఇంతా చేసి పెద్దయ్యాక ఆవిడని మంచి టీచర్ అనే మెచ్చుకున్నాడు, అది ఇంకా విచిత్రం.

తర్వాత ఈటన్, ఆక్స్‌ఫర్డ్. పదిహేనేళ్ల ప్రాయంలో గుర్రం మీంచి పడి వెన్ను దెబ్బతింది, అప్పట్నుంచి చచ్చేదాకా తోలు, ఉక్కు కలిపి చేసిన నడుం పట్టీ బిగించుకుని బతికాడు. ఫొటోల్లో కర్ర మింగినట్టు నిటారుగా ఉంటాడు చూడు, జనం దాన్ని పొగరు అనుకున్నారు. సగం పొగరే, మిగతా సగం ఆ ఉక్కు పట్టీ. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగానే తోటి కుర్రాళ్లు ఈయన మీద పద్యం కట్టారు, నేను జార్జ్ నథానియెల్ కర్జన్‌ని, మహా గొప్పవాణ్ణి అన్న అర్థంలో. సరదాకి కట్టిన నాలుగు లైన్లు, జీవితాంతం వదల్లేదు.

1886లో సౌత్‌పోర్ట్ నుంచి ఎంపీ అయ్యాడు. మిగతా లార్డ్ కొడుకుల్లా వేటలూ విందులూ అని తిరగలేదు, పర్షియా, మధ్య ఆసియా, పామీర్ కొండలు, కొరియా దాకా వెళ్లొచ్చి లావుపాటి పుస్తకాలు రాశాడు. మన దగ్గర ఏ మంత్రైనా శాఖ ఇచ్చాక సబ్జెక్ట్ నేర్చుకుంటాడు, ఈయన ముందు సబ్జెక్ట్ నేర్చుకుని తర్వాత శాఖ కోసం ఎదురుచూశాడు. 1895లో చికాగో కోటీశ్వరుడు లైటర్ గారి అమ్మాయి మేరీని చేసుకున్నాడు. బిరుదు ఇటునుంచి, డబ్బు అటునుంచి, ఆ రోజుల్లో అది మామూలే. కానీ వీళ్లిద్దరి మధ్య నిజంగానే ప్రేమ ఉంది. 1906లో ఆవిడ పోయాక కెడిల్‌స్టన్ చర్చిలో ఆవిడ కోసం గుడి లాంటిది కట్టించాడు, మీరు ఇల్లు చూసి వచ్చేశారా, పక్కనే ఉంది, తెల్లటి చలవరాతి బొమ్మలు చూడకుండా ఎలా వచ్చారయ్యా.

ఇప్పుడు మెలిక చూడు. 1898లో వైస్రాయ్‌గా ప్రకటించారు, ఇంకా 40 నిండలేదు. వైస్రాయ్‌కి లార్డ్ బిరుదు ఇవ్వాలి. మామూలు ఇంగ్లీష్ బిరుదు తీసుకుంటే ఇక జీవితంలో కామన్స్‌కి, అంటే ఓట్లతో గెలిచే కింది సభకి, పోటీ చేసే దారి మూసుకుపోతుంది, అంటే ప్రధాని ఆశ అక్కడే కొండెక్కుతుంది. అందుకని ఐర్లండ్ బిరుదు అడిగి తీసుకున్నాడు, ఎందుకంటే ఐరిష్ లార్డ్‌కి పై సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సీటు ఆటోమేటిగ్గా రాదు, తండ్రి పోయి ఆయన బిరుదు తనకొచ్చేదాకా కావాలంటే తిరిగొచ్చి కామన్స్‌కి నిలబడొచ్చు. 39 ఏళ్లకే పాతికేళ్ల తర్వాతి లెక్క వేసుకున్నాడు.

కానీ 1905లో సైన్యం మీద పెత్తనం ఎవరిదన్న గొడవలో కమాండర్ కిచెనర్‌తో తలపడి, లండన్ కిచెనర్ వైపు మొగ్గేసరికి రాజీనామా చేసి వచ్చాడు. అప్పుడు ప్రధాని ఎవరంటే బాల్ఫర్, పాత స్నేహితుడు. ఈ పేరు గుర్తుపెట్టుకో. తిరిగొచ్చాక కామన్స్‌కి నిలబడదామంటే రాజుగారికి అది నచ్చలేదు, వైస్రాయ్ చేసినవాడు వీధుల్లో ఓట్లడగడం ఏంటని. కొత్తగా వచ్చిన లిబరల్ ప్రభుత్వమేమో అలవాటుగా ఇచ్చే ఎర్ల్ బిరుదు కూడా ఇవ్వలేదు. భార్య పోయింది, రెండేళ్లు ఎటూ కాకుండా గడిచాయి. చివరికి 1908లో ఐరిష్ లార్డ్‌ల ప్రతినిధిగా హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనే కూర్చున్నాడు. తెరిచి ఉంచుకున్న తలుపు తనే మూసుకున్నట్టు.

ఆ తర్వాత మళ్లీ పైకొచ్చాడు. 1916లో ప్రధాని లాయడ్ జార్జ్ వార్ క్యాబినెట్, 1919 నుంచి విదేశాంగ మంత్రి, 1921లో మార్క్వెస్ అనే ఇంకా పెద్ద బిరుదు. 1923 మేలో ప్రధాని బోనర్ లాకి గొంతు క్యాన్సర్ అని తేలి దిగిపోయాడు, నా తర్వాత ఫలానావాడు అని చెప్పను అన్నాడు. ఆయన లేనప్పుడు క్యాబినెట్ నడిపింది కర్జనే, కాబట్టి ఇక నాదే అనుకున్నాడు. అప్పుడు సోమర్సెట్‌లో మాంటక్యూట్ అనే అద్దె బంగ్లాలో ఉన్నాడు, అక్కడ టెలిఫోన్ లేదు. సోమవారం సాయంత్రం రాజుగారి సెక్రటరీ స్టాంఫర్డామ్ నుంచి లండన్ రమ్మని టెలిగ్రామ్ వచ్చింది. ఇంకేముంది, మర్నాడు రైల్లో దారిపొడుగునా భార్యతో ఏ మంత్రికి ఏ శాఖ, ప్రధాని అధికారిక ఇంట్లో ఉండాలా మన ఇంట్లోనే ఉండాలా అనే ప్లాన్లంట. స్టేషన్‌లో ఫొటోగ్రాఫర్లు. మధ్యాహ్నం సెక్రటరీ ఇంటికొచ్చి చల్లగా చెప్పాడు, రాజుగారు బాల్డ్విన్‌ని పిలుస్తున్నారు అని. బాల్డ్విన్ క్యాబినెట్‌లోకి వచ్చి రెండేళ్లు దాటింది అంతే. కర్జన్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడంటారు.

రాజుకి సలహా ఇచ్చిన పెద్దల్లో ఒకడు ఎవరనుకున్నావ్, అదే బాల్ఫర్. కారణం ఏం చెప్పారంటే కర్జన్ లార్డ్స్‌లో ఉన్నాడు, ప్రతిపక్షంలో ఉన్నది లేబర్ పార్టీ, వాళ్లకి లార్డ్స్‌లో మనుషులే దాదాపు లేరు, మరి ప్రధాని జవాబు ఎవరికి చెప్తాడు? న్యాయమైన కారణమే. అది పైకి చెప్పుకున్నది. లోపలిది ఏంటంటే ఆయన కింద పనిచేయాలంటే తోటి మంత్రులకి ఒళ్లు మంట, అందర్నీ నౌకర్లని చూసినట్టు చూస్తాడు. కామన్స్‌లో ఉండి ఉంటే అయ్యేవాడా అంటే నేనైతే డౌటే అంటా.

చార్మినార్_చాయ్:

అన్న మంచిగ చెప్పిండు గానీ ఈ కర్జన్ సారు మా హైదరాబాద్‌కు ఏం చేసిండో ఎవ్వరు చెప్పలే, గది నేను చెప్త.

పోస్ట్‌ల రాసిన ఆ నినాదం ఉన్నది సూడు, పట్టింది ఇడవొద్దని, అది బేరార్ ముచ్చట్ల అక్షరాల నిజం చేసిండు. బేరార్ అంటే అమరావతి, అకోలా దిక్కు, ఇప్పుడు మహారాష్ట్రల ఉన్న విదర్భ. మస్తు పత్తి పండే నల్లరేగడి భూమి. అది నిజాంది. 1853ల కంపెనీ సైన్యం ఖర్చు బాకీ ఉన్నదని చెప్పి తాకట్టు లెక్క తీస్కున్నరు, అది కూడా ఏమని, భూమి నీదే, ఊరికె మేం నడిపిస్తం, లెక్క సూపెడ్తం, మిగిలింది నీకిస్తం అని. మొదటి సాలార్ జంగ్ జిందగీ మొత్తం దాన్ని వాపస్ తెచ్చుడు కోసమే కొట్లాడిండు, లండన్ దాంక పోయిండు, ఒక్క ఎకరం రాలే.

1902ల కర్జన్ హైదరాబాద్ వచ్చిండు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఇద్దరే లోపల కూసున్నరు, సలహా చెప్పెటోళ్లు పక్కన లేరు. ఆయనేమో మాటల మనిషి కాదు, సిగ్గరి. ఈయనేమో పార్లమెంట్ల గంటలు గంటలు మాట్లాడెటోడు. ఎవరు గెలుస్తరో చెప్పాల్నా? నవంబర్ 1902ల సంతకాలు అయినయ్, బేరార్ ఎప్పటికీ బ్రిటిషోళ్లకే లీజ్, ఏడాదికి 25 లక్షల రూపాయల కిరాయి. ఎప్పటికీ అంటే ఎప్పటికీ, ఖాళీ చెయ్యమనే హక్కు లేదు. మన దగ్గర ఇల్లు కిరాయికి ఇచ్చినోడు గిట్ల రాసిస్తే పిచ్చోడంటరు. నిజాంకు బదులుగ ఒక బిరుదు దొరికింది. మల్ల 1903ల బేరార్‌ను సెంట్రల్ ప్రావిన్సెస్‌ల కలిపేసిండ్రు, పేరుకు మిగిలింది కూడా పాయె.

ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1923ల బేరార్ నాది నాకియ్యున్రి అని మల్ల కేస్ తెరిచిండు, అంటే కర్జన్‌కు ప్రధాని పదవి పోయిన సంవత్సరమే, సూడు తమాష. 1926ల వైస్రాయ్ రీడింగ్ కుదరదు పో అని గట్టిగ ఉత్తరం రాసిండు. చివరికి 1936ల నిజాం కొడుక్కు ప్రిన్స్ ఆఫ్ బేరార్ అనే పేరు ఇచ్చి సరిపెట్టిన్రు. భూమి వాళ్లకు, పేరు మనకు. గందుకే బెజవాడ తమ్మీ, ఆ పెద్దావిడ "పాపం" అంటే అనని, నువ్వైతే అనకు.

కారంపొడి:

చార్మినార్ అన్నకి ఒక చాయ్ నా తరఫున. ఈ థ్రెడ్ మొదట్నుంచి చదువుతుంటే నాకు ఒళ్లు మండుతోంది, ఉక్కు పట్టీ అంట, గవర్నెస్ కొట్టిందంట, చిన్నపిల్లాడిలా ఏడ్చాడంట. అయ్యా ఈయన వచ్చిన ఏడాదే 1899లో దేశంలో ఘోరమైన కరువు, గుజరాత్, రాజస్థాన్, దక్కన్ అంతా ఎండిపోయింది. కరువు పనుల్లో సాయం మరీ ఎక్కువ ఇస్తే జనం సోమరులైపోతారు అనే రకం ఈయన, పొదుపు పొదుపు అని నసిగాడు. భూమి శిస్తు ఎక్కువ ఉండబట్టే ఇన్ని చావులు అని రమేశ్ చంద్ర దత్ బహిరంగ లేఖలు రాస్తే, మీ లెక్క తప్పు అని ప్రభుత్వం తరఫున పెద్ద జవాబు అచ్చేయించాడు. ఆ జవాబిచ్చిన ఏడాది తిరక్కుండానే ఢిల్లీలో ఏనుగుల ఊరేగింపు, దర్బారు, మీ అమ్మగారు చూసిన ఆ నెమలి గౌను.

కాంగ్రెస్ కూలిపోతోంది, ప్రశాంతంగా చావడానికి సాయం చేయడమే నా కోరిక అని లండన్‌కి ఉత్తరం రాశాడు. ఆ కాంగ్రెస్‌కి ప్రాణం పోసింది ఈయన చేసిన విభజనే, అది వేరే కామెడీ. 1904లో యూనివర్సిటీల చట్టం పెట్టి చదువుల మీద ప్రభుత్వం పట్టు బిగించాడు. ఇలాంటోడు ప్రధాని కాకపోతే మనకెందుకు బాధ?

పాతపుస్తకాల_పిచ్చోడు:

బాధ అని నేనెక్కడన్నా అన్నానా? ఆయన అడిగింది ఎందుకు కాలేదని, దానికి చెప్పా. ఒక మనిషి గురించి చెప్పాలంటే రెండు వైపులా చెప్పాలి కదా కారంపొడి గారూ. ఇంకో సంగతి కూడా వినండి, ఇది మన పాఠాల్లో అసలు రాదు.

1902లో సియాల్‌కోట్‌లో తొమ్మిదో లాన్సర్స్ అనే పేరుమోసిన గుర్రపు దళం, అందరూ పెద్దింటి ఆఫీసర్లు. అక్కడ సోల్జర్లు ఒక వంటమనిషిని చావబాదారు, ఆడదాన్ని తెచ్చిపెట్టను అన్నందుకు. అతను ఆసుపత్రిలో చనిపోయాడు. రెజిమెంట్ వాళ్లు విచారణ అని నాటకం ఆడి ఎవరు కొట్టారో తెలీలేదు అని తేల్చేశారు. కర్జన్ ఊరుకోలేదు, మొత్తం రెజిమెంట్‌కి శిక్ష, సెలవులన్నీ రద్దు. లండన్ నుంచి, రాజు చుట్టూ ఉన్నవాళ్ల నుంచి, సైన్యం నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా తగ్గలేదు. అంతకుముందు రంగూన్‌లో ఒక బర్మా స్త్రీని సోల్జర్లు చెరిచిన కేసులో కూడా అంతే. మరుసటి జనవరిలో దర్బారులో ఆ తొమ్మిదో లాన్సర్స్ కవాతు చేస్తూ వస్తే అక్కడున్న తెల్లవాళ్లంతా, ఈయన సొంత అతిథులతో సహా, కావాలని కేకలేసి చప్పట్లు కొట్టారు, అంటే నీకు వ్యతిరేకంగా మేం వాళ్ల పక్షం అని. ఈయన గుర్రం మీద కదలకుండా కూర్చుని చూశాడు. మనవాళ్ల మీద ప్రేమతో చేశాడనను, మా పాలన అంటే మచ్చ ఉండకూడదన్న అహం అది. కానీ ఆ పని చేసిన వైస్రాయ్‌లు ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి.

కారంపొడి:

ఈ లాన్సర్స్ సంగతి నిజంగా తెలీదు, ఒప్పుకుంటున్నా. కరువు సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

వేమగిరి_అమ్మాయి:

ఇంతమంది మగాళ్లు ఇంత రాశారు, అసలు నవ్వొచ్చే విషయం ఒక్కళ్లూ చెప్పలేదు. ఈ మహానుభావుడు ఆడవాళ్లకి ఓటు హక్కు వద్దు అనే సంఘానికి ప్రెసిడెంట్. ఊరికే పేరుకి కాదు, చందాలు పోగుచేసి, మీటింగులు పెట్టి, ఆడవాళ్లకి ఓటు ఇస్తే సామ్రాజ్యం కూలిపోతుందని గట్టిగా వాదించిన మనిషి. 1918 జనవరిలో బిల్లు లార్డ్స్‌కి వచ్చేసరికి కామన్స్‌తో గొడవ పెట్టుకోవడం దండగ అని చెప్పి తను ఓటే వేయకుండా కూర్చున్నాడు, నమ్ముకున్న ఆడవాళ్లు, అదే ఓటు వద్దన్న ఆడవాళ్లు, మమ్మల్ని ముంచేశావని తిట్టిపోశారు. 1911లో కూడా అచ్చం ఇంతే, లార్డ్స్ అధికారాలు తగ్గించే బిల్లుని ముందు చచ్చేదాకా పోరాడదాం అన్నాడు, చివరికి పాస్ కానివ్వండి అని తనే తిరిగి చెప్పాడు, 131కి 114 ఓట్లతో పాసైంది. మాట పెద్దది, చివర్లో వెనకడుగు.

ఇక నవ్వొచ్చేది ఏంటంటే ఆయనకి ముగ్గురూ ఆడపిల్లలే. కొడుకు కావాలని ఎంత తపించాడో, 1917లో రెండో పెళ్లి చేసుకున్నా పుట్టలేదు. (ఆ పెళ్లి సంగతి కూడా దారుణం, అప్పటిదాకా తనతో ఎనిమిదేళ్లుగా ఉన్న రచయిత్రి ఎలినార్ గ్లిన్ ఆ మాంటక్యూట్ బంగ్లాకే రంగులూ పరదాలూ చూస్తూ ఉంటే, ఈయన నిశ్చితార్థం సంగతి ఆవిడకి పేపర్లో చదివి తెలిసింది.) ముగ్గురు కూతుళ్లలో రెండోది సింథియా, ఆస్వాల్డ్ మోస్లీని చేసుకుని 1929లో ఎంపీగా గెలిచింది, అదీ ఏ పార్టీ నుంచి, లేబర్! పెద్దది ఐరీన్, 1958లో మొట్టమొదటిసారి ఆడవాళ్లని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోకి తీసుకున్నప్పుడు ఆ మొదటి నలుగురిలో ఒకావిడ. తండ్రి ఆడవాళ్లని ఓటు పెట్టె దగ్గరికే రానివ్వనన్నాడు, కూతుళ్లు ఒకళ్లు కింది సభలో, ఒకళ్లు పై సభలో.

ఇంకొకటి, మా రాజమండ్రి వాళ్లు ఈయన్ని మర్చిపోయే సమస్యే లేదు. ఈయన బెంగాల్‌ని కోస్తే 1907లో బిపిన్ చంద్ర పాల్ మా ఊరు వచ్చి మాట్లాడాడు, విశాఖ, కాకినాడ, బెజవాడ, బందరు అన్నీ తిరిగాడు. రాజమండ్రిలో స్టూడెంట్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకి వెళ్తే కాలేజీ నుంచి తీసేశారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి చదువు కూడా అలాగే పోయింది. మా తాతయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా "కర్జన్ ఎక్కడో గీత గీస్తే గోదారి ఒడ్డున గొడవ అయిందమ్మా" అనేవాడు.

గీత అంటే గుర్తొచ్చింది, పోలండ్‌కీ రష్యాకీ మధ్య కర్జన్ లైన్ అని ఉంది చూడండి, అదీ ఈయన పేరే. 1920లో విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ఈయన పేరు మీద వెళ్లిన టెలిగ్రామ్‌లో ఉన్న గీత, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంచుమించు అదే సరిహద్దు అయి కూర్చుంది.

డెర్బీలో_బెజవాడోడు:

అమ్మో ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. వేమగిరి గారూ మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించా, కూతుళ్ల దగ్గర పడీ పడీ నవ్వింది. చార్మినార్ అన్నా, నాన్నకి బేరార్ సంగతి చెప్తే "25 లక్షలకి పర్మనెంట్ లీజా, ఏ బ్యాంకు మేనేజరూ అలాంటి డాక్యుమెంట్ పాస్ చేయడు" అన్నారు.

పిచ్చోడు గారూ ఒక్క డౌట్. లార్డ్ బిరుదు అడ్డం అయితే దాన్ని వదిలేసుకుని కామన్స్‌కి నిలబడొచ్చు కదా? ఇంకా బాల్డ్విన్ వచ్చాక ఈయన అలిగి వెళ్లిపోయాడా?

పాతపుస్తకాల_పిచ్చోడు:

అప్పట్లో వదులుకునే వీలే లేదు తమ్ముడూ. పుట్టుకతో వచ్చినా, రాజు ఇచ్చినా చచ్చేదాకా నీతోనే. ఆ చట్టం 1963లో వచ్చింది, టోనీ బెన్ అనే లేబర్ ఎంపీ తండ్రి చనిపోగానే ఈ బిరుదు నాకొద్దు మొర్రో అని ఏళ్ల తరబడి కొట్లాడితే. వచ్చిన నెలల్లోనే 14వ ఎర్ల్ ఆఫ్ హోమ్ దాన్ని వాడుకుని బిరుదు వదిలేసి ప్రధాని అయిపోయాడు, కొన్నాళ్లు ఏ సభలోనూ మెంబర్ కాకుండానే ప్రధానిగా ఉన్నాడు. కర్జన్ పోయి అప్పటికి 38 ఏళ్లు.

అలిగాడా అంటే, అదే నాకు ఈయనలో నచ్చేది. ఆరు రోజులు తిరక్కుండానే పార్టీ మీటింగ్‌లో బాల్డ్విన్‌ని నాయకుడిగా ఎన్నుకోవాలని తీర్మానం పెట్టింది కర్జనే, బాగా మాట్లాడాడు కూడా. ఆయన కిందే విదేశాంగ మంత్రిగా కొనసాగాడు. లోపల్లోపల ఆ బాల్డ్విన్ ఒక అనామకుడు అని తిట్టుకున్నాడనుకో, అది వేరే. 1924 చివర్లో బాల్డ్విన్ రెండోసారి వచ్చినప్పుడు విదేశాంగ శాఖ కూడా పీకేశాడు. 1925 మార్చి 20న పోయాడు, 66 ఏళ్లు.

ఇంకో తమాషా చెప్పి ఆపేస్తా. 1917లో మాంటేగు ప్రకటన ఉంది కదా, గ్రూప్-2లో నువ్వు చదివే ఉంటావు, ఇండియాకి క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం అని. ఆ "బాధ్యతాయుత ప్రభుత్వం" అన్న మాట డ్రాఫ్ట్‌లో పెట్టింది కర్జనే. స్వపరిపాలన అన్న మాట మరీ పెద్దదని తీసేసి, ఇది తక్కువ అనుకుని పెట్టాడు. నిజానికి రాజ్యాంగం లెక్కలో రెండోదే పెద్దది.

కారంపొడి:

హహహ ఇది మాత్రం సూపర్. మహా గొప్పవాడు డ్రాఫ్టింగ్‌లో దొరికిపోయాడు.

చార్మినార్_చాయ్:

అదే డ్రాఫ్టింగ్ బేరార్ కాయితంల ఎందుకు తప్పు పోలేదో మరి.

వేమగిరి_అమ్మాయి:

బెజవాడ గారూ, అమ్మానాన్న ఇంకా ఉన్నారంటే కుదిరితే బోడియం కోట కూడా చూపించండి, సస్సెక్స్‌లో ఉంది, మీకు దూరమే గానీ చుట్టూ నీళ్లు, మధ్యలో కోట, చాలా బాగుంటుంది. అది కర్జన్ 1917లో కొని, బాగుచేయించి, పోయేటప్పుడు నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చాడు. మీకు దగ్గరయితే లింకన్‌షైర్‌లో టాటర్‌షాల్. దాంట్లోంచి పాతకాలం రాతి పొయ్యిలని ఊడపీకి అమెరికా వాళ్లకి అమ్మేస్తుంటే ఈయన 1911లో కోట కొని, ఆ పొయ్యిలు ఎక్కడున్నాయో లండన్‌లో వెతికి పట్టుకుని, వెనక్కి తెచ్చి మళ్లీ ఉన్నచోటే పెట్టించాడు. మన దగ్గర 1904లో పురాతన కట్టడాల చట్టం తెచ్చిందీ, తాజ్‌మహల్‌లో సమాధుల మీద వేలాడే దీపం కైరోలో చేయించి పంపిందీ ఈయనే. రాళ్లంటే ఉన్న ప్రేమలో సగం మనుషుల మీద ఉండి ఉంటేనా అనిపిస్తుంది నాకు.

డెర్బీలో_బెజవాడోడు:

టాటర్‌షాల్ గంటన్నర పైనే చూపిస్తోంది, వచ్చే ఆదివారం పెట్టుకుంటాం. ముందు శనివారం మళ్లీ కెడిల్‌స్టన్ వెళ్లాలి, చర్చి చూడలేదని పిచ్చోడు గారు తిట్టారు కదా. అమ్మ కూడా రెడీ, ఆ గౌను ఇంకోసారి చూసి అంచు డిజైన్ కాగితం మీద గీసుకుంటుందంట, బెజవాడ వెళ్లాక మగ్గం అతనికి చూపించి చెల్లి పెళ్లి బ్లౌజ్‌కి వేయిస్తుందంట. పురుగు రెక్కలు మాత్రం వద్దు అన్నాను, రాళ్లు పెట్టిద్దాంలే అంది.